పదకొండు మంది చూడని తలుపు

టాంపెరేలో మా స్టూడియో ఒకప్పటి నూలు మిల్లు.
నవంబరు. మూడున్నరకే చీకటి.
అద్దానికి ఇవతల నేను, అవతల ఆడేవాళ్ళు.
వాళ్ళకి నేను కనబడను.
నాకు వాళ్ళ చూపు కూడా కనబడుతుంది:
తెర మీద చిన్న ఎర్రచుక్క,
బెల్లపు ముక్క చుట్టూ తిరిగే ఈగలా.

ఈ వారం పదకొండు మంది కూచున్నారు.
పదకొండు మందీ ఆ తలుపు ముందునుంచే నడిచి
తలుపెక్కడా అని గోడలు తడిమారు,
చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా గాలించినట్టు.
దాన్ని గీసిన సానెల్మా
నా భుజం వెనక నిలబడి గోళ్ళు కొరుకుతోంది.
నలభై రోజులు గీసింది.
గడప మీద నాచు, గొళ్ళేనికి తుప్పు,
చెక్కలో పురుగు తొలిచిన దారి కూడా.
"గుడ్డివాళ్ళా వీళ్ళు?" అంది.

కాదు సానెల్మా.
పక్కనే నువ్వొక లాంతరు వేలాడదీశావు, అది ఊగుతోంది.
కదిలేదాని వెంట కన్ను వెళ్ళిపోతుంది,
అడవిలో బతికిన రోజుల అలవాటు, ఇంకా మానలేదు.
మెదడుకున్నది ఒకే గుప్పెడు.
అందులో ఇప్పటికే మూడు తాళంచెవులు, ఒక మ్యాపు,
నక్క అడిగిన పొడుపుకథ.
ఇంకొకటి పెడితే ఏదో ఒకటి జారుతుంది.
జారింది తలుపు.

ఇదంతా వేసవిలో ఇరవై స్లైడ్లలో చెప్పాను.
అందరూ తలలూపారు.
తలూపడమంటే నేర్చుకోవడం కాదని
ఆ స్లైడ్లలోనే ఉంది.

పన్నెండో మనిషి ఇర్యా. డెబ్భై నాలుగేళ్ళు.
మనవడి బదులు వచ్చింది, వాడికి జ్వరమట.
కంట్రోలరుని దారపు కండెలా పట్టుకుంది.
నియమం ఏమిటంటే సాయం చెయ్యకూడదు.
చేతులు తొడల కింద పెట్టుకుని కూచున్నాను.
ఆమె లాంతరు దగ్గరికి పోయింది. వెనక్కొచ్చింది. మళ్ళీ పోయింది.
ఆరు నిమిషాలు.
ఒక మనిషి దారి తప్పుతుంటే చూస్తూ ఊరుకోవడం
నా జీతం.

పై అంతస్తు వాళ్ళు నన్ను వేరే పాఠం అడుగుతున్నారు:
పెట్టెలో ఏముందో తెలియనప్పుడు
మనుషులు తెరుస్తూనే ఉంటారు కదా,
ఆ తెలియకపోవడం ఎంత పాళ్ళలో కలపాలి?
లెక్క నాకు తెలుసు.
తెలియదన్నాను.
ఆ అబద్ధానికి నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో
ఏ పట్టీ కొలవలేదు.

ఇర్యా ఆట ఆపి అద్దం వైపు తిరిగింది,
నేనున్నానని ఎలా తెలిసిందో.
"ఈ హాల్లోనే పంతొమ్మిదేళ్ళు మరమగ్గాలు చూసుకున్నాను.
పద్నాలుగు మగ్గాలు, ఒక్కదాన్నే.
పోగు తెగితే కంటికి తెలియదమ్మా, చప్పుడు మారుతుంది.
మీ తలుపు ఏమీ అనదేం?"

లాంతరు ఊగడం ఆపేశాం.
తలుపు సందుల్లో గాలి ఈల పెట్టాం,
గడప దగ్గర అడుగుల చప్పుడు
రాతి మీంచి చెక్క మీదికి మారేలా చేశాం.
సానెల్మా బొమ్మలో ఒక్క గీతా ముట్టుకోలేదు.
సోమవారం తొమ్మిది మందిలో ఏడుగురు దాటారు.
మిగిలిన ఇద్దరి గురించి ఇంకా ఆలోచిస్తున్నాను.

ఆ సాయంత్రం కోటు గుండీలు పెట్టుకుంటూ ఇర్యా అడిగింది,
అందరూ అడిగేదే:
"పాసయ్యానా?"
పరీక్ష మీకు కాదండీ, తలుపుకి, అన్నాను.
"మా ఫోర్‌మనూ అంతే.
పరీక్ష మగ్గానికే, మీకు కాదనేవాడు.
ఆ నెలలోనే ఆరుగురిని తీసేశారు."

మెట్ల దగ్గర చీకటి.
ఆమె చెయ్యి, తనని అడగకుండానే,
గోడ మీద పాత స్విచ్చున్న చోటికి వెళ్ళి ఆగింది.
అక్కడిప్పుడు సున్నం తప్ప ఏమీ లేదు.
మళ్ళీ వెతికింది.

ఇక్కడ నియమం లేదని
నాకు గుర్తు రావడానికి ఒక క్షణం పట్టింది.
వెళ్ళి దీపం వేశాను.